పిడుగు ఆకాశానిదే, ఎర్తింగ్ మాత్రం సర్కారుదే!

పిడుగు పడి మోటరు కాలిందని సబ్‌స్టేషన్‌కు పోయి చెబితే వచ్చే జవాబు మనందరికీ నోటికి వచ్చు. "పిడుగు దేవుడి పని, దానికి మేమేం చేస్తాం?" ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే రెండో జవాబు సిద్ధంగా ఉంటుంది. "మీరే ఓవర్‌లోడ్ చేశారు." కాలినదేదైనా సరే, తప్పు అయితే దేవుడిది, లేకపోతే రైతుది. స్తంభం పాతినవాడిది, తీగ లాగినవాడిది, ఆ లైన్‌ను కాపాడాల్సినవాడిది మాత్రం ఎన్నడూ కాదు.

ఈ రెండు జవాబులనూ ఇక ఒప్పుకోవద్దు. పిడుగు పడకుండా ఎవరూ ఆపలేరు, నిజమే. కానీ తీగ మీద పడ్డ పిడుగు మోటరు దాకా రాకుండా భూమిలోకి మళ్ళించవచ్చు. అందుకు పరికరాలున్నాయి. వాటిని పెట్టి తీరాలని చట్టముంది. ఆ చట్టం నిన్న మొన్నటిది కాదు, డెబ్బై ఏళ్ళ పాతది. అమలు చేయని నేరాన్ని ఆకాశం మీదికి నెడుతున్నారు. ఈ సంగతి అచ్చంపేట, అమ్రాబాద్, పదర, బల్మూరు, లింగాల, ఉప్పునుంతల, వంగూరు, చారకొండ మండలాల్లోని ప్రతి బోరు రైతుకూ తెలియాలి.

కాలేది ఎట్లా?

మన మోటరుకు వచ్చే త్రీఫేజు కరెంటు 415 వోల్టులు. మోటరు వైండింగు తీగపైన ఉండే పూత దాన్ని తట్టుకునేట్టు తయారవుతుంది. పిడుగులో ఒక్క దెబ్బకు వేల ఆంపియర్ల కరెంటు దిగుతుంది. సాధారణ పిడుగులోనే ముప్పై వేల దాకా ఉంటుంది. అది లైన్ మీద పడినా, లైన్ పక్కన చెట్టు మీద పడినా, తీగలో వోల్టేజీ ఒక్కసారి వేలల్లోకి ఎగురుతుంది. దాన్నే సర్జ్ అంటారు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో కొన్ని పదుల ముక్కలంత సేపే అది ఉంటుంది. ఆ లోపలే వైండింగు పూతకు చిల్లు పడుతుంది. తర్వాత మామూలు కరెంటే ఆ చిల్లులో నుంచి దూరి మోటరును మసి చేస్తుంది.

"స్టార్టర్ ఉంది గదా, ఫ్యూజు ఉంది గదా" అనుకుంటాం. ఫ్యూజు తీగ వేడెక్కి కరగాలి, స్టార్టర్‌లోని రిలే కదలాలి. అవి కదిలేలోపు సర్జ్ వచ్చి పోయింది. అవి ఓవర్‌లోడుకు, షార్టుకు పెట్టిన కాపలా. ఈ దొంగ వాటికి దొరకడు.

ఇంకో సంగతి. సర్జ్ ఎప్పుడూ భూమిలోకి దారి వెతుకుతుంది. మన పొలంలో భూమికి అందరికంటే దగ్గరగా ఉన్నది ఎవరు? వందల అడుగుల లోతున, నీళ్ళలో మునిగి ఉన్న సబ్‌మెర్సిబుల్ మోటరు. పైన సరైన ఎర్తు లేకపోతే సర్జ్ కేబుల్ పట్టుకుని నేరుగా మోటరులోకే దిగుతుంది. ఎర్తు గుంత చేయాల్సిన పని మన మోటరు చేస్తోంది. అందుకే కాలుతోంది.

పిడుగే అక్కరలేదు కూడా. ఫీడర్‌ను కట్ చేసి మళ్ళీ వేసినప్పుడల్లా లైన్‌లో చిన్న సర్జులు పుడతాయి. ఒక్కొక్కటి మోటరును కాల్చదు, కానీ పూతను కొద్దికొద్దిగా బలహీనం చేస్తుంది. ఒకనాడు కారణమేమీ లేకుండానే మోటరు పోయినట్టు కనబడుతుంది.

కాపలా ఎక్కడ ఉండాలి?

మొదటి కాపలా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. 11 కేవీ తీగలు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దిగేచోట మూడు ఫేజులకు మూడు లైట్నింగ్ అరెస్టర్లు ఉండాలి. మన లైన్‌మన్లు ఎల్ఏలు అంటారు. వాటి లోపల జింక్ ఆక్సైడ్ బిళ్ళలుంటాయి. మామూలు వోల్టేజీకి అవి మూసిన తలుపు. వోల్టేజీ హద్దు దాటగానే తలుపు తెరుచుకుని సర్జ్‌ను భూమిలోకి పంపి, వెంటనే మూసుకుంటాయి. రెండో కాపలా స్టార్టర్ డబ్బా దగ్గర ఉండే చిన్న సర్జ్ ప్రొటెక్షన్ డివైస్, అంటే ఎస్పీడీ. పని అదే, సైజు చిన్నది. పైన తప్పించుకుని వచ్చిన సర్జ్‌ను ఇది పట్టుకుంటుంది.

ఈ రెండింటికీ ప్రాణం ఎర్తింగ్. ఎర్తు లేని ఎల్ఏ అంటే తలుపు తెరిస్తే అవతల గోడ ఉన్నట్టు. సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఎర్తు గుంతలు తీస్తారు. ఎల్ఏలకు విడిగా ఒకటి, న్యూట్రల్‌కు, ట్రాన్స్‌ఫార్మర్ బాడీకి మిగతావి.

ఇప్పుడు మీ ఊరి గెట్ల మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లను దూరం నుంచే ఒకసారి చూడండి. ఎన్నింటికి మూడు ఎల్ఏలూ ఉన్నాయి? ఉన్నవాటిలో ఎన్నింటికి తీగ కలిసి ఉంది? ఎల్ఏ చెడిపోతే ఫీడర్ ట్రిప్ అవుతుంది. లైన్ నిలబెట్టాలని దాని తీగ ఊడదీసి కరెంటు ఇస్తారు. కొత్త ఎల్ఏ వచ్చేదాకా అని చెబుతారు. అది రాదు. గాలికి వేలాడుతున్న ఆ తీగే మన రక్షణ వ్యవస్థ! కింద ఎర్తు తీగ తుప్పు పట్టి తెగి ఉంటుంది. గుంత మీద ముళ్ళ కంప మొలిచి ఉంటుంది. ఇది ఒక్క ఊరి కథ కాదు.

మన నేలకు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి

నల్లమల అంచున మన భూములెట్లాంటివో పైనున్న ఇంజినీర్లకు చెప్పక తప్పదు. ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు. మూడు నాలుగు అడుగులు తవ్వితే రాయి. తడి ఉన్న నల్లరేగడిలో ఎర్తు రాడ్డు పాతితే కరెంటు సులువుగా భూమిలోకి పోతుంది. రాతి మీద, ఎండిన దుబ్బలో పోదు. మనకు ఉరుములు, పిడుగులు, వడగండ్లు ఎప్పుడొస్తాయి? మార్చి చివరి నుంచి మే దాకా, తొలకరి దాకా. అంటే నేల బొత్తిగా ఎండి, ఎర్తింగ్ అన్నిటికంటే బలహీనంగా ఉన్న నెలల్లో. అప్పుడే యాసంగి వరి గింజ పాలు పోసుకుంటుంది. ఒక్క వారం నీళ్ళు ఆగితే తాలు గింజలే మిగులుతాయి.

డెల్టాలో గీసిన డ్రాయింగునే తెచ్చి ఇక్కడ గుంత తీస్తే సరిపోదు. ఇక్కడ గుంత లోతుగా తీయాలి, లేదా ఒకటికి రెండు తీసి కలపాలి. బొగ్గు, ఉప్పు, అవసరమైనచోట బెంటొనైట్ మట్టి నింపాలి. ఎండాకాలం నీళ్ళు పోయించాలి. ఏటా మీటరు పెట్టి కొలవాలి. ఎర్తింగ్ ఎట్లా చేయాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 3043 ఉన్నదే ఇందుకు. నేల గుణాన్ని బట్టి ఎర్తు ఉండాలని అది చెబుతుంది.

చట్టం ఏమంటున్నది?

1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 92వ రూలు పిడుగు నుంచి రక్షణ గురించినది. పిడుగుల వల్ల ఓవర్‌హెడ్ లైన్‌లోకి వచ్చే సర్జులను సమర్థంగా భూమిలోకి మళ్ళించే ఏర్పాటు ఆ లైన్ యజమానే చేయాలని అందులో ఉంది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనల్లో 74వ నిబంధన అదే మాట చెప్పింది. ఎల్ఏ నుంచి వచ్చే ఎర్తు తీగను వీలైనంత నేరుగా, ఇనుప గొట్టంలో దూర్చకుండా భూమిలోకి తీసుకుపోవాలని కూడా చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను రెండు వేర్వేరు ఎర్తులకు కలపాలని 41వ నిబంధన చెప్పింది. 2023లో ఆ నిబంధనలను తిరగరాశారు, కానీ బాధ్యత మాత్రం లైన్ యజమాని మీదే ఉంది.

లైన్ యజమాని ఎవరు? మీరా, నేనా? పంపిణీ సంస్థ. అక్కడ "దేవుడి పని" అన్న మాటకు చోటే లేదు. దేవుడు పిడుగు వేస్తాడని తెలిసే కదా ఆ రూలు రాసింది!

తెగిపడ్డ తీగ తగిలి మనిషి చనిపోయిన కేసులో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, ఎవరో దొంగకనెక్షన్ కోసం వేసుకున్న తీగ అది, మా తప్పేమీ లేదని వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ప్రాణాంతకమైన విద్యుత్తును సరఫరా చేసేవారు, తమ నిర్లక్ష్యం లేదని చూపినా సరే, జరిగిన నష్టానికి బాధ్యులేనని తీర్పు చెప్పింది. మనుషుల ప్రాణాల విషయంలో వచ్చిన ఈ తీర్పు, "మా చేతుల్లో ఏముంది" అనే ప్రతి అధికారికీ గుర్తుండాలి.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్ గురించి కూడా చెప్పుకోవాలి. విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన సేవా ప్రమాణాల ప్రకారం గ్రామాల్లో దాన్ని 48 గంటల్లో మార్చాలి. ప్రమాణం తప్పితే పరిహారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టంలోని 57వ సెక్షన్ చెబుతోంది. మన దగ్గర జరుగుతున్నదేమిటి? ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులు తలా ఇంత చందా వేసుకుంటారు. ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్‌ను దించడం, ఎక్కించడం, మోసుకుపోవడం, తీసుకురావడం అన్నీ రైతులే. మధ్యలో చాయ పైసలు వేరే. సర్కారు ఆస్తిని రైతు తన ఖర్చుతో రిపేరుకు మోస్తున్నాడు. తెచ్చి పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మళ్ళీ అదే తెగిన ఎర్తు, అదే ఊడిన ఎల్ఏ. వచ్చే గాలివానకు మళ్ళీ చందా.

వాళ్ళ సాకులు, మన జవాబులు

"ఉచిత కరెంటు తీసుకుంటూ ఇవన్నీ అడుగుతారా?" ఉచిత కరెంటు ఎవరి దయా కాదు. పెంచిన కరెంటు చార్జీల మీద పోరాడి 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ముగ్గురు తూటాలకు బలైన తర్వాత, 2004లో వచ్చిన హక్కు అది. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇస్తున్నామని చెప్పుకున్నారు. రైతు వాడిన కరెంటుకు ప్రభుత్వం సబ్సిడీ రూపంలో సంస్థకు కడుతున్నది. యూనిట్‌కు పైసలు లేవంటే భద్రత కూడా లేదని ఏ చట్టంలో రాసి ఉంది?

ఉచిత కరెంటు తొలినాళ్ళలో మనకు నాలుగు షరతులు పెట్టారు. కెపాసిటర్, ఐఎస్ఐ మోటరు, మంచి పైపులు, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు. తర్వాత ఆటోస్టార్టర్లు తీసేయమన్నారు. ఇవన్నీ కరెంటు ఆదా కోసం, గ్రిడ్ కోసం. ఆ నాలుగింటిలో ఎర్తింగ్ లేదు, సర్జ్ రక్షణ లేదు. గ్రిడ్‌ను కాపాడే బాధ్యత రైతు మీద పెట్టారు. రైతు మోటరును, రైతు ప్రాణాన్ని కాపాడే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

"ఓవర్‌లోడ్ వల్లే కాలుతున్నాయి." ఓవర్‌లోడ్ ఉన్నచోట ఉంది. దానికి జవాబు అదనపు ట్రాన్స్‌ఫార్మర్. కానీ ఎల్ఏకు, లోడుకు ఏమిటి సంబంధం? పది మోటర్లున్నా ఒక్కటున్నా పిడుగు పిడుగే. ఎర్తు తీగ తెగిందా లేదా అని అడిగితే మోటర్ల లెక్క చెప్పడం మాట తప్పించడమే.

"ఖర్చు ఎక్కువ." మోటరు పైకి లాగే కూలీ, వైండింగు, మళ్ళీ దింపే ఖర్చు ఒక్కసారికి ఎంతవుతుందో ప్రతి రైతుకూ తెలుసు. దానితో పోలిస్తే స్టార్టర్ దగ్గర పెట్టే ఎస్పీడీ ఖర్చు తక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఎల్ఏలు, మంచి ఎర్తు ఉంటే దాని కింద ఉన్న మోటర్లన్నిటికీ కాపలా. మరి ఖర్చు ఎక్కువని ఎవరికి? కాలిన మోటరు ఖర్చు వాళ్ళ లెక్కల్లోకి రాదు, రైతు అప్పుల్లోకి వస్తుంది. అందుకే వాళ్ళకు ఏ తొందరా లేదు.

సోలార్ పంపులకూ ఇదే మాట

2025 మే 19న మన అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని ప్రారంభించారు. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతుల భూములకు బోర్లు, సోలార్ పంపులు ఇస్తామన్నారు. మొత్తం రూ.12,600 కోట్లు, ఆరు లక్షల ఎకరాలు అని ప్రకటించారు. చెంచు, లంబాడా రైతుల చెలకలకు నీళ్ళు వస్తే మనకంటే సంతోషించేవాళ్ళు లేరు. అందుకే ఇప్పుడే హెచ్చరిస్తున్నాం.

సోలార్ పలకలు ఎక్కడుంటాయి? చెట్టు నీడ లేని బయలులో, గుట్ట వాలులో, ఇనుప ఫ్రేము మీద. పిడుగుకు అంతకంటే మంచి జాగ ఉండదు. పలకల నుంచి కంట్రోలర్‌కు, కంట్రోలర్ నుంచి మోటరుకు పొడుగు తీగలు. కంట్రోలర్ లోపల సున్నితమైన సర్క్యూటు. అది పోతే ఊళ్ళో వైండింగు మేస్త్రీ బాగుచేసేది కాదు. గూడెం నుంచి పట్నం దాకా పోవాలి.

పీఎం కుసుమ్ కింద ఇచ్చే సోలార్ పంపులకు కేంద్రం రాసిన ప్రమాణాల్లో లైట్నింగ్ అరెస్టర్, ఎస్పీడీ, ఎర్తింగ్ మూడూ ఉండాలి, ఐదేళ్ళ వారంటీ ఉండాలి. నల్లమలలో బిగించే ప్రతి పంపుకూ అంతకు తక్కువ ఒప్పుకోవద్దు. కాగితం మీద ఉన్నవన్నీ పొలంలో ఉన్నాయా? గుంతలో రాడ్డు పూర్తిగా దిగిందా, రాయి తగిలిందని సగంలో కోసి సిమెంటు పూశారా? చూడకుండా "అంతా సక్రమం" అన్న కాగితం మీద ఏ రైతూ సంతకం, వేలిముద్ర వేయొద్దు. ఐదేళ్ళ తర్వాత చూసేదెవరో కూడా ఇప్పుడే రాసివ్వాలి.

లైన్‌మన్ మనకు శత్రువు కాదు

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పోరాటం స్తంభమెక్కే కార్మికుడి మీద కాదు. ఎల్ఏ స్టోర్‌లో లేకపోతే అతను ఎక్కడి నుంచి తెస్తాడు? ఎన్నో ఊళ్ళకు ఒక్కడే ఉంటే ఎన్ని గుంతలు చూస్తాడు? 2020 ఆగస్టు 20 రాత్రి మన జిల్లాలోనే శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఏడుగురు జెన్‌కో ఉద్యోగులు, ఇద్దరు బ్యాటరీ పనికి వచ్చినవాళ్ళు. విద్యుత్తులో భద్రతకు లోటొస్తే మొదట పోయేది పనిచేసేవాడి ప్రాణమే. పొలంలో ఫ్యూజు వేయబోయి చనిపోయే రైతుదీ అదే కథ. భద్రత అడిగేటప్పుడు రైతు, విద్యుత్ కార్మికుడు ఒక్కవైపే నిలబడాలి.

మనం చేయాల్సింది

మొదటిది, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరూ ముట్టుకోవద్దు. చూడటం దూరం నుంచే. ఎల్ఏలు లేకపోయినా, తీగ ఊడినా, ఎర్తు తెగినా ఫోటో తీయండి. ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, తేదీ రాసుకోండి. తెగిన ఎర్తు తీగను కూడా చేత్తో పట్టుకోవద్దు, అందులో కరెంటు ఉండవచ్చు.

రెండోది, 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఏఈకి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాట ఫిర్యాదు గాలిలో కలుస్తుంది. రేపు మోటరు కాలితే ఈ కాగితమే "దేవుడి పని" అన్నవాడి నోరు మూయిస్తుంది. పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. వేదికను 2003 చట్టం ప్రకారమే పెట్టారు.

మూడోది, మన స్టార్టర్ దగ్గర మన పని. ఎస్పీడీ పెట్టించుకునేవాళ్ళు ఐఎస్ఐ గుర్తు, బిల్లు, వారంటీ చూసి తీసుకోండి. దాని ఎర్తు తీగ పొట్టిగా ఉండాలి. బోరు కేసింగు ఇనుపదైతే ఎర్తును దానికీ కలపాలి. లేకపోతే ముందు చెప్పినట్టు మోటరే మంచి ఎర్తుగా మిగులుతుంది. చాలా ఎస్పీడీలకు చిన్న కిటికీ ఉంటుంది. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే పని అయిపోయినట్టు. అప్పుడు మార్చాలి. ఒకటి గుర్తుంచుకోండి. ఇది సర్జ్‌కే కాపలా. ఒక ఫేజు పోతే మోటరును ఆపే ప్రివెంటర్ వేరే ఉండాలి. నెత్తి మీదే పడ్డ పిడుగును ఏ పరికరమూ పూర్తిగా ఆపుతుందని చెప్పలేం. ఉరుము వినగానే పొలంలో ఉంటే ఇంటి దారి పట్టండి, స్టార్టర్ దగ్గరికి పోవద్దు. పుణె వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్‌ను ఫోన్‌లో పెట్టుకోండి. దేశంలో 2022 ఒక్క ఏడాదే పిడుగులకు 2,887 మంది బలయ్యారు. మోటరు మళ్ళీ వస్తుంది, మనిషి రాడు.

మన డిమాండ్లు

1. ఏటా మార్చి నెలాఖరులోగా ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్ఏలు, ఎర్తింగ్ పరీక్షించాలి. తేదీ, కొలత స్తంభం మీద పెయింటుతో రాయాలి.
2. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను సంస్థ వాహనంలోనే తరలించి 48 గంటల్లో మార్చాలి. ఎల్ఏ, ఎర్తు సరిచేయకుండా చార్జ్ చేయొద్దు.
3. కొత్త వ్యవసాయ కనెక్షన్ ఎస్టిమేట్‌లోనే ఎస్పీడీ, ఎర్తు గుంత సంస్థ ఖర్చుతో చేర్చాలి. పాత కనెక్షన్లకు దశలవారీగా ఇవ్వాలి.
4. ఎల్ఏ లేదని, ఎర్తు తెగిందని ముందే ఫిర్యాదు ఉన్నచోట మోటరు కాలితే పూర్తి ఖర్చు సంస్థే భరించాలి.
5. నల్లమల సోలార్ పంపులను రైతు, గ్రామసభ ఎదుట పరీక్షించాకే బిల్లులు చెల్లించాలి.
6. ఖాళీగా ఉన్న లైన్‌మన్ పోస్టులు నింపాలి.

ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ తమ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా తయారు చేయాలి. ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎన్ని ఎల్ఏలున్నాయి, ఎర్తు ఎట్లా ఉంది, నిరుడు ఎన్నిసార్లు కాలింది, రైతులు ఎంత చందా వేశారు అన్నీ రాయండి. మండలాల వారీగా కలిపి అచ్చంపేటలో అధికారుల ముందు పెడదాం. చందా పుస్తకం తీయడం ఆపి ఫిర్యాదు పుస్తకం తీద్దాం.